మందులు వాడాక కూడా హెచ్. పైలోరి రక్తపరీక్ష పాజిటివ్ ఎందుకు వస్తుంది?

కావలిలో ఉండే మీ నాన్నగారు కడుపులో పుండుకు 14 రోజుల కోర్సు పూర్తిగా వాడినా, రక్తపరీక్షలో హెచ్. పైలోరి (కడుపులో పుండుకు కారణమయ్యే బ్యాక్టీరియా) ఐజీజీ అనే యాంటీబాడీ మళ్లీ పాజిటివ్ వచ్చిందని అడిగారు. దాన్నిబట్టి మందు పనిచేయలేదని అనుకోనక్కరలేదు. ఆ పరీక్ష వెతికేది బ్యాక్టీరియాను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. క్రిమి చచ్చిపోయినా అవి నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ల తరబడి రక్తంలో మిగిలే ఉంటాయి.

క్రిమి ఇప్పుడు ఉందో లేదో తెలియాలంటే మలంలో యాంటిజెన్ (క్రిమికి చెందిన పదార్థం) పరీక్ష గాని, యూరియా శ్వాస పరీక్ష గాని చేయించాలి. రెండోదానిలో కార్బన్-13 (ఊపిరిలో గుర్తుపట్టగలిగే ఒక రకం కార్బన్) ఉన్న యూరియాను తాగించి, కొంతసేపటికి సంచిలోకి ఊదిస్తారు. క్రిమి ఉంటే దాని యూరియేజ్ ఎంజైము యూరియాను విడగొడుతుంది కనుక ఆ కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. ఎండోస్కోపీలో (గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష) కడుపు లోపలి పొర నుంచి తీసిన చిన్న ముక్కను పరీక్ష కోసం పసుపు జెల్‌లో పెట్టినప్పుడు, క్రిమి ఉంటే ఆ జెల్ గులాబీ రంగుకు తిరగడానికీ ఆ ఎంజైమే కారణం.

అసలు చిక్కు సమయంతో వస్తుంది. యాంటీబయాటిక్స్ ముగిసి కనీసం 4 వారాలు, పాంటాప్రజోల్ వంటి మాత్రలు (కడుపులో ఆమ్లం తగ్గించేవి) ఆపి 2 వారాలు గడవకపోతే, క్రిమి ఉన్నా నెగటివ్ రావచ్చు. ఆ మాత్రలు ఆపేది మాత్రం డాక్టరుగారిని అడిగాకే. శ్వాస పరీక్ష దగ్గరలో దొరక్కపోతే మలపరీక్ష సరిపోతుంది.