ప్రారంభ ఆఫర్ ఎంత పెట్టాలని అడిగిన కావలి సోదరికి

కావలిలో ఇంటి ముందు గదిలో జంతికలు, చెక్కలు, అరిసెలు చేసి అమ్మే దుకాణం తెరవబోతున్నానని, ప్రారంభ ఆఫర్ ఎంత శాతం పెడితే జనం వస్తారని, కరపత్రాలు మేలా లేక ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మేలా అని మీరు అడిగారు. ఒంగోలులో మంగమూరు రోడ్డు వైపు చెక్క గానుగ పెట్టుకుని వేరుశనగ నూనె, పప్పునూనె (నువ్వుల నూనె) అమ్ముకుంటున్నవాడిగా నా సమాధానం ఇది: ఆఫర్ అసలు పెట్టవద్దు. మీ పొయ్యి వీధిలో పోయేవారికి కనిపించేలా పెట్టండి.

కిలో జంతికల మీద మీకు 60 రూపాయలు మిగులుతాయనుకుందాం. అందులో 30 తగ్గించి అమ్మితే, అదే ఆదాయం రావడానికి మీరు రెట్టింపు పిండి కలపాలి, రెట్టింపు సేపు పొయ్యి దగ్గర నిలబడాలి. అది చాలదన్నట్టు, మొదటి రోజు కొన్న ధరే కొన్నవారి మనసులో అసలు ధరగా ఉండిపోతుంది. ఆఫర్ తీసేసిన రోజున మీరు ధర పెంచారనే అంటారు తప్ప మామూలు ధరకు వచ్చారని ఎవరూ అనరు. పైగా తినే వస్తువు మరీ చౌకగా కనబడితే మన వైపు ఇల్లాళ్లకు ముందుగా వచ్చే ఆలోచన, ఇందులో ఏం కలిపారో అన్నదే.

ఆ అనుమానమే నా దుకాణాన్ని నిలబెట్టింది. గానుగ పెట్టిన కొత్తలో కొత్తపట్నం వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకుని వచ్చి, సీసాను వెలుగుకు ఎత్తి పట్టి చూసి, "ఇందులో పామాయిలు కలపలేదని నేనెట్ట నమ్మేది నాయనా?" అని నలుగురి ముందూ అడిగారు. నమ్మమని బతిమాలడం నాకు ఇష్టం లేదు. "అమ్మా, మీ ఇంటి చెనక్కాయలే ఒలిచి తీసుకురండి, మీ కళ్ల ముందే ఆడిస్తాను, కూలి ఇస్తే చాలు" అన్నాను. ఆ వారమే ఆమె ఆటోలో గోనెసంచి వేసుకుని వచ్చారు. పప్పు తూకం వేసినప్పటి నుంచి నూనె చివరి చుక్క డబ్బాలో పడేదాకా, గంటకు పైగా, గానుగ పక్కన స్టూలు మీద నుంచి కదలలేదు. రెండున్నర కిలోల పప్పుకు ఇంచుమించు లీటరు నూనె దిగుతుందని నేను ముందే చెప్పాను. తాను తెచ్చినదానికి ఎంత దిగాలో వేళ్ల మీద లెక్క కట్టుకుని, సరిపోయిందని తల ఊపారు. నూనె మబ్బుగా ఉందేమని అడిగితే, అప్పుడే ఆడించిన నూనెలో మడ్డి ఉంటుందని, రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే అది అడుగుకు చేరి పైనూనె తేరుకుంటుందని చెప్పాను. నూనె తీయగా మిగిలిన చెక్కను కూడా ఆమె సంచిలోనే వేశాను, ఎందుకంటే ఇంట్లో గేదె ఉన్నవారికి ఆ చెక్క విలువ బాగా తెలుసు. ఈలోగా నూనె వాసనకు రోడ్డున పోయేవారు ఆగి లోపలికి తొంగి చూస్తుంటే, పప్పు ఎంత, నూనె ఎంత, మడ్డి ఎందుకు అన్నది నా బదులు ఆమే వివరించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆ పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్లలో ఎవరూ నా దగ్గర కల్తీ మాట ఎత్తలేదు. అనుమానంతో నిలదీసే మనిషికి ఒకసారి నమ్మకం కుదిరితే, ఆమె చేసే ప్రచారం ముందు ఏ కరపత్రమూ నిలవదు. అలాంటివారిని తప్పించుకోకండి, పిలిచి కూర్చోబెట్టండి.

ఆ నాటి నుంచి గానుగ పక్కన ఒక నల్లబల్ల పెట్టి, ఆ రోజు పప్పు ధర, లీటరుకు పట్టే పప్పు, ఆడించే ఖర్చు, చెక్క మీద తిరిగి వచ్చేది రాస్తున్నాను. ప్యాకెట్ నూనె కంటే మీ నూనె ఎందుకు ప్రియమన్న ప్రశ్న దాంతో ఆగిపోయింది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఒంగోలు గిత్తల వల్ల లోకానికి తెలిసిన ఈ ఊళ్లోనే, బోర్డు మీద గానుగ తిప్పే ఎద్దు బొమ్మ వేసి, లోపల కరెంటు మోటారుతో ఆడించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. నాదీ మోటారు గానుగే. ఆ సంగతి బోర్డు మీదే రాశాను, అది చదివి వెనక్కి వెళ్లినవారిని నేను చూడలేదు. కొలెస్ట్రాల్ లేని నూనె అని పెద్ద అక్షరాలతో రాయడమూ అలాంటిదే, ఎందుకంటే మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగినంత కొలెస్ట్రాల్ ఉండదు. ఇక షుగర్ తగ్గుతుందని, మోకాళ్ల నొప్పులు పోతాయని రాసేవారు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉందని గుర్తుంచుకోవాలి.

రీల్స్ సంగతికి వస్తే, డబ్బు తీసుకుని తిన్నదల్లా అద్భుతమనే కుర్రవాళ్ల వీడియోను హైదరాబాదులో ఉన్నవారు వేలమంది చూసినా, సాయంత్రం నాలుగింటికి మీ వీధిలోకి నడిచి వచ్చేది మాత్రం పక్క వీధివారే. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరు, వేళలు, ఫోటోలు పెట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేదు కాబట్టి ముందు అది చేయండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పంపితే, మీ నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే చేరుతుంది. అందువల్ల కొన్న ప్రతివారినీ అక్కడికక్కడే నంబరు సేవ్ చేసుకోమని అడగండి. ఆ తర్వాత రోజూ శుభోదయాలు పంపి విసిగించకుండా, కొత్త వాయి దిగిన రోజున మాత్రమే ఒక్క ఫోటో పంపండి.

మీ వ్యాపారంలో జనం అనుమానించేది కాగిన నూనెను. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగేకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. మీరు ఏ నూనె వాడుతున్నారో, మూకుడులో నూనె ఏ రోజు మార్చారో బల్ల మీద తేదీతో రాసి పెట్టండి, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మీకు ఇచ్చే 14 అంకెల నంబరు దాని కిందే ఉండాలి. అరిసెలకైతే, "మీ బియ్యం, మీ బెల్లం, మీ నెయ్యి తెచ్చుకోండి, కూలికి వండి ఇస్తాం" అని మొదటి రోజు నుంచే చెప్పండి. పాకం పట్టడం రాని ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, వారే మీ మొదటి కొనుగోలుదారులు.

తెరిచే వేళ కూడా చూసుకోవాలి. నా దగ్గర పప్పునూనె ఎక్కువగా కదిలేది కార్తీక మాసపు దీపాలకు, ఎండాకాలం ఆవకాయకు. ఆవకాయ రోజుల్లోనే పొగాకు వేలం కూడా సాగుతుంటుంది కాబట్టి పల్లెల్లో డబ్బు ఆడుతుంది. మీకు ఆ వేళ సంక్రాంతి. పండగ వారంలో తెరిస్తే మీ చేతి రుచి తెలిసినవారు ఒక్కరూ ఉండరు. ధనుర్మాసం మొదలు కాకముందే తెరిచి, ఆ నెల పొడుగునా ముందు జంతికలు, చెక్కలతో వీధివారికి అలవాటు కండి, అరిసెల ఆర్డర్లు పండగకు పదిహేను రోజుల ముందు నుంచి రాసుకోండి.