కాఫీ మరకలు పట్టిన మగ్గులు, ఫ్లాస్కులు: పాఠకుల సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: మాది సఖినేటిపల్లి. ఉద్యోగరీత్యా రోజూ పంటు మీద రేవు దాటి నర్సాపురం వెళ్తాను. బయలుదేరేటప్పుడు మూత ఉన్న స్టీలు మగ్గులో ఫిల్టరు కాఫీ పోసుకుని తీసుకువెళ్ళడం అలవాటు. మగ్గు లోపలంతా ముదురు గోధుమ రంగు పట్టేసింది. అంట్ల సబ్బు, నిమ్మచెక్క, ఇనుప పీచు అన్నీ అయ్యాయి. తోమిన రోజు తళతళలాడుతుంది గానీ, వారం తిరక్కుండా మునుపటికంటే నల్లబడుతోంది. కొత్తది కొనుక్కోవలసిందేనా?
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: కొత్తది కొననక్కరలేదండీ, తోమే పద్ధతి మార్చుకుంటే చాలు. మరక త్వరగా తిరిగి రావడానికి కారణం ఆ ఇనుప పీచే.

కాఫీ గింజలను వేయించినప్పుడు వాటిలోని చక్కెరలూ మాంసకృత్తులూ వేడికి ఒకదానితో ఒకటి కలిసి మెలనాయిడిన్లు అనే ముదురు గోధుమ రంగు పదార్థాలుగా మారతాయి. డికాషన్ రంగు చాలావరకు వాటిదే. వాటికి గింజలో సహజంగా ఉండే పాలీఫినాళ్ళు, నీటిలోని కాల్షియం, పాలలోని మాంసకృత్తులూ కొవ్వూ తోడై, మూత బిగించిన మగ్గులో గంటల తరబడి వేడిగా నిలిచి, లోహం మీద పలచని పొరగా అతుక్కుంటాయి. ఒక పొర మిగిలిపోతే మరునాటి కాఫీకి అదే పట్టు అవుతుంది. ఇనుప పీచుతో రుద్దినప్పుడు పైపొర పోయిన మాట నిజమే గానీ, దానితోపాటు స్టీలు మీద కంటికి ఆనని సన్నని గీతలు పడతాయి. నున్నని గోడ మీద జారిపోవలసిన రంగు ఆ గీతల్లో ఇరుక్కుంటుంది. పైగా పీచు నుంచి రాలిన ఇనుప నలుసులు తడిలో తుప్పుపట్టి, అవి కూడా మరకలుగానే కనిపిస్తాయి.

కాబట్టి రుద్దడం కంటే నానబెట్టడం మీద నమ్మకం పెట్టుకోండి. అరలీటరు మగ్గులో ఒక పెద్ద చెంచా వంట సోడా వేసి, బాగా కాగిన నీళ్ళు అంచు దాకా పోసి, మూత పెట్టకుండా రాత్రంతా వదిలెయ్యండి. ఈ మరక క్షారానికి లొంగుతుంది. ఉదయం ఆ నీళ్ళు పారబోసేటప్పుడు టీ రంగులో దిగితే పని జరుగుతున్నట్టే. ఆ తరువాత సీసాలు కడిగే మెత్తని బ్రష్షు ఒకసారి తిప్పితే చాలు. కోనసీమలో కొబ్బరి పీచుకు కరువు లేదు కనుక, బాగా నలిపి మెత్తబరచిన పీచును సన్నని పుల్ల చివర చుట్టి వాడుకున్నా ఫరవాలేదు.

నెలల తరబడి పేరుకున్న మరకకు వంట సోడా బలం చాలకపోవచ్చు. అప్పుడు సోడియం పెర్కార్బొనేట్ వాడాలి. బట్టల మరకలకు ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో అమ్మే పొడుల్లో పనిచేసే పదార్థం ఇదే. అయితే వాటిలో సువాసనలూ రంగులూ కలిపినవి కూడా ఉంటాయి కాబట్టి, తాగే పాత్రకు ఏ కలుపూ లేనిదే తీసుకోవాలి. ఇది వేడినీటిలో కరగగానే వాషింగ్ సోడాగానూ హైడ్రోజన్ పెరాక్సైడుగానూ విడిపోతుంది. మొదటిది పొరను వదులు చేస్తే, రెండవది రంగును విరగ్గొడుతుంది. అరలీటరు వేడినీటికి ఒక చిన్న చెంచా వేసి అరగంట నుంచి గంట ఉంచితే చాలు. పొడి చేతికీ కంటికీ తగలకుండా చూసుకుని, తరువాత రెండు మూడు సార్లు మంచినీళ్ళతో కడగండి. అల్యూమినియం పాత్రలకు దీనిని వాడకూడదు. క్షారం ఆ లోహాన్ని తినేస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ రెండింటిలో ఏది వేసినా మూత బిగించి ఊపవద్దు. వేడికి వంట సోడా నుంచి కార్బన్ డయాక్సైడు, పెర్కార్బొనేట్ నుంచి ఆక్సిజన్ విడుదలవుతాయి. బిగించిన పాత్రలో ఆ వాయువు పోయే దారి లేక ఒత్తిడి పెరిగితే మూత ఎగిరి, మరిగే నీళ్ళు ముఖం మీద పడే ప్రమాదం ఉంది.

నిమ్మచెక్క పనిచేయలేదని రాశారు. దాని పని వేరు. సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ప్రాంతంలో భూగర్భ జలం ఉప్పగా, కఠినంగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసి బోరు నీళ్ళు వాడవలసి వచ్చినప్పుడు, పాత్రల అడుగున తెల్లగా గరుకైన సున్నపు పొర కడుతుంది. నిమ్మ ఉప్పు గానీ, వెనిగరు గానీ, నిమ్మరసం గానీ కరిగించేది ఆ పొరను. కాఫీ రంగు ఆ సున్నాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి, లోపల వేలితో తడిమినప్పుడు గరుకు తగిలితే ముందుగా అరలీటరు వేడినీటిలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు ఉంచి, బాగా కడిగి, ఆ తరువాతే సోడా వెయ్యండి. రెండూ కలిపి ఒకేసారి వేసి, పొంగు చూసి మురిసిపోయే పద్ధతి ఇప్పుడు చాలామంది పాటిస్తున్నారు. ఆమ్లమూ క్షారమూ ఒకదానినొకటి చంపుకోగా వచ్చేదే ఆ పొంగు. అది అణిగాక మిగిలేది ఏ బలమూ లేని ఉప్పునీరు మాత్రమే. రెండు మంచి వస్తువులను ఇలా వృథా చేయడం నాకు బాధగా ఉంటుంది.

మగ్గు శుభ్రపడ్డాక, బడికి చేరి కాఫీ తాగిన వెంటనే కుళాయి కింద పట్టి ఒకసారి తొలిచి మూత తీసి ఉంచండి. సాయంత్రం ఇంటికి వచ్చేదాకా అడుగున ఎండిపోయిన నాలుగు చుక్కలే ఈ కథకు మొదలు.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రి కాపలాకు వెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఫ్లాస్కులో పాల కాఫీ పోసి ఇస్తారు. ఎంత కడిగినా ఫ్లాస్కు మూత తియ్యగానే పులిసిన వాసన వస్తోంది. లోపల మరక మాత్రం పెద్దగా లేదు.
– ఒక రైతు

సమాధానం: మరక లేకుండా వాసన వస్తోందంటే తప్పు మూతలో ఉందని అర్థం. మూత తిరగేసి చూస్తే అంచున మెత్తని రబ్బరు వాషరు కనిపిస్తుంది. దానిని గుండుసూదితో గుచ్చకుండా, చెంచా కాడ చివరతో నెమ్మదిగా పైకి లేపి తియ్యండి. దాని వెనక గాడిలో జిగురుగా, బూడిద రంగులో పేరుకున్నది పాల మడ్డి. మీరు ఫ్లాస్కు ఎన్నిసార్లు కడిగినా నీళ్ళు అక్కడికి చేరవు. నొక్కితే కాఫీ వచ్చే బొత్తాము ఉన్న మూతల్లో దాని కింద ఉండే సన్నని దారిలోనూ ఇదే పరిస్థితి.

ముందుగా సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళతో గాడిని పాత పళ్ళ బ్రష్షుతో తోమి జిడ్డు పోగొట్టండి. తరువాత వాషరునూ మూతనూ వంట సోడా కలిపిన వేడినీళ్ళలో కొన్ని గంటలు నాననిచ్చి, కడిగి, విడివిడిగా నీడలో ఆరబెట్టండి. ప్లాస్టిక్కు మూతల మీద సలసల మరిగే నీళ్ళు పోస్తే వంకర తిరిగి, మళ్ళీ సరిగా బిగుసుకోవు. వాషరు గట్టిపడినా, పగుళ్ళు వచ్చినా ఇక వాసన వదలదు, మార్చెయ్యడమే మంచిది. ఫ్లాస్కును అలమారలో పెట్టేటప్పుడు మూత బిగించవద్దు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మూసిన ఫ్లాస్కు లోపలి తడి ఆరదు.

పాల కాఫీ గురించి మరొక్క మాట. వేడి 60 డిగ్రీల కంటే దిగిపోయిన తరువాత పాలలో సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది. అందుచేత కాఫీ పోసే ముందు ఫ్లాస్కును అయిదు నిమిషాలపాటు వేడినీళ్ళతో నింపి ఉంచి, అవి పారబోసి అప్పుడు కాఫీ పొయ్యమనండి. వేడి మరికాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. తెల్లవారుజామున గోరువెచ్చగా మిగిలినదాన్ని తాగకుండా పారబోయండి.

ప్రశ్న: మా అత్తగారి కాలం నాటి గాజు ఫ్లాస్కు ఉంది. లోపల గోధుమ రంగు మరకలు, అక్కడక్కడ బూడిద రంగు మచ్చలు కనిపిస్తున్నాయి. మండపేటలో మా ఇంట్లో ఇత్తడి గిన్నెలకు వాడినట్టు గోదావరి ఇసుక వేసి ఊపవచ్చా?
– ఒక గృహిణి

సమాధానం: ఇసుక వద్దండీ. నది ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జు. అది గాజు కంటే గట్టిది, గీతలు పెడుతుంది. గీత పడిన గాజు, వేడి కాఫీ పోసిన ఏదో ఒక రోజున పగులుతుంది. దానికి బదులు గుప్పెడు బియ్యం, ఒక చెంచా వంట సోడా, సగం దాకా గోరువెచ్చని నీళ్ళు వేసి, మూత బిగించకుండా నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. బియ్యపు గింజ మూలమూలలా తిరిగి, గీత పడకుండా మరకను తీసుకువస్తుంది. చల్లని గాజులో ఒక్కసారిగా మరిగే నీళ్ళు పోయవద్దు. ఫ్లాస్కును నీళ్ళ తొట్టెలో ముంచవద్దు. తొడుగుకూ గాజుకూ మధ్య చేరిన నీరు బయటికి రాదు.

బూడిద రంగు మచ్చలు మాత్రం మరకలు కాకపోవచ్చు. 1892లో జేమ్స్ డ్యూయర్ రూపొందించిన ఈ పాత్రలో రెండు గాజు గోడల మధ్య గాలి తీసేసి ఉంటుంది. అద్దంలా మెరిసే వెండి పూత ఆ ఖాళీలోని ముఖాల మీద ఉంటుంది. పూత అక్కడ పోతే మన చెయ్యి దానికి అందదు. మచ్చ మీద తడిబట్ట చుట్టిన పుల్లతో తుడిచి చూడండి. ఏమాత్రం మారకపోతే అది పూత లోపమే. కాఫీ కూడా త్వరగా చల్లారుతుంటే, తొడుగు అలాగే ఉంచి లోపలి గాజు రిఫిల్ మార్పించుకోండి. గిన్నెల దుకాణంలో పాత రిఫిల్ చూపించి అదే కొలతది అడగండి.

ప్రశ్న: మలికిపురంలో శుభకార్యాలకు కాఫీ, టీ సరఫరా చేస్తాం. పెద్ద స్టీలు ఫ్లాస్కుల్లో మరక పోవడానికి బ్లీచింగ్ పౌడరు నానబెడుతున్నాం. ఈ మధ్య అడుగున ఎర్రని చుక్కలు కనిపిస్తున్నాయి.
– ఒక వంట మేస్త్రి

సమాధానం: ఈరోజుతోనే మానెయ్యండి. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీద సహజంగా ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర. బ్లీచింగ్ పౌడరులోని క్లోరిను సంబంధమైన పదార్థాలు ఆ పొరను చుక్కలు చుక్కలుగా ఛేదించి లోహంలో గుంటలు చేస్తాయి. మీరు చూస్తున్న ఎర్రని చుక్కలు అవే. ఉప్పూ నిమ్మరసమూ కలిపి రాత్రంతా ఉంచినా ఇటువంటి నష్టమే జరుగుతుంది. ముందుగా పాత్రలో క్లోరిను వాసన మిగలకుండా అనేకసార్లు కడగండి. ఆ వాసన ఉండగా దానిలో ఆమ్లం వేస్తే విషవాయువు వస్తుంది. తరువాత, తేలికగా పట్టిన తుప్పయితే వేడినీటిలో కలిపిన నిమ్మ ఉప్పుకు వదులుతుంది. ఇక కాఫీ మరకకు పైన చెప్పిన పెర్కార్బొనేట్ సరిపోతుంది. పది లీటర్ల ఫ్లాస్కుకు మూడు నాలుగు పెద్ద చెంచాలు వేసి, మూత తీసి గంటసేపు ఉంచండి. శుభ్రం చేశాక కూడా వేలి గోటికి గుంట తగులుతూ ఉంటే ఆ ఫ్లాస్కులో పాలు కలిసినవి పోయవద్దు, మంచినీళ్ళకు వాడుకోండి.