కొండే లేని ఊళ్లో కొండవాలు నగరాల చదువు దేనికి?

ప్రశ్న: మాది పాలకొల్లు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. సీఎస్‌ఈలో చేర్చాలని మా ఆలోచన. మా తోడల్లుడి కొడుకు అదే చదివి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. అమ్మాయేమో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కొండవాలు మీది పాత బజారు కాలిపోతే మళ్లీ ఎలా నిలబెట్టారో వీడియోలో చూసినప్పటి నుంచి ఆర్కిటెక్చర్ చదివి, విదేశాల్లో అర్బన్ డిజైన్, అంటే వీధులూ బజార్లూ తీర్చిదిద్దే చదువు, చేస్తానంటోంది. కనుచూపు మేరలో కొండ లేని ఊరు మాది! రెండింట్లో ఏది మేలు? తన నోట్‌బుక్ ఫొటో పంపుతున్నాను. చదువు వదిలేసి ఎప్పుడూ ఇవే గీతలు.

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సుల గురించే గానీ మీ బెంగ వేరు. ఐదేళ్ల చదువు, ఆపైన పీజీ, ఈలోగా పెళ్లీడు, "ఇంజినీరింగ్ సీటు రాలేదా?" అని చుట్టాలు అడిగే మాట. ఆడపిల్లల తండ్రులు ఆర్కిటెక్చర్ గురించి రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఇదే కనిపిస్తుంది.

మీరు గీతలన్న పేజీ చూశాను. ఒకపక్క లిస్బన్ మెట్లు, రెండోపక్క మీ వీధి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే మీ అరుగు ఎన్ని అంగుళాలు పల్లమైందో కొలిచి రాసింది. వాన నీళ్లు ఏ గుమ్మంలోకి వస్తాయో బాణాలు వేసింది. ఎవరూ చెప్పకుండానే ఇంత గమనించిన పిల్లను పట్టుకుని చదువు వదిలేసిందంటారా? ఇంతకన్నా చదువేముంది?

1988 ఆగస్టు 25న లిస్బన్‌లో మీ అమ్మాయి చూసిన ఆ పాత బజారు, చియాడో, తగలబడింది. బాగుచేసే పని పోర్చుగల్ ఆర్కిటెక్టు అల్వారో సీజాకు అప్పగించారు. ఆయన అక్కడ గాజు మేడలు లేపలేదు. పాత భవనాల ముఖభాగాలు అలాగే ఉంచి, లోపలి పెరళ్లను జనం నడిచే దారులుగా తెరిచి, పై వీధినీ కింది వీధినీ మెట్లతో కలిపారు. 1998లో వచ్చిన మెట్రో స్టేషన్‌కు కింది బజారులో ఒక ద్వారం, పైన మరో ద్వారం. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు కూడా ఎస్కలేటర్ మీద కొండెక్కేస్తారు. అక్కడ వాలు ఎక్కువై నడక కష్టం, మన డెల్టాలో వాలు చాలక మురుగు కదలదు. నేల ఎత్తుపల్లాలు తెలిసి, పాత ఇళ్లను కూల్చకుండా పనిచేసేవాళ్లు రాజమండ్రి ఇన్నీసుపేటకూ కావాలి, మీ వీధికీ కావాలి.

అలాగని ఈ రంగంలో అంతా బాగుందనను. పునరుద్ధరణ పేరుతో గోడలకు రంగులేసి, దీపాలు పెట్టి చేతులు దులుపుకునే పనే ఎక్కువ. 2016లో కేంద్ర ప్రభుత్వ స్మార్ట్ సిటీల మిషన్ తొలి జాబితాలో కాకినాడ పేరు రాగానే, ఇక ఈ చదువుకు తిరుగులేదనుకున్నారు చాలామంది. ఆ మిషన్ 2025 మార్చితో ముగిసింది. పథకాన్ని చూసి చదువు ఎంచుకోకూడదు. లిస్బన్ నడిబొడ్డున కూడా తర్వాత అద్దెలు పెరిగి పాతకాపులు ఊరి అంచులకు పోవాల్సి వచ్చింది. ఊరు అందంగా తయారయ్యాక అందులో ఉండేదెవరన్న ప్రశ్న మీ అమ్మాయి మొదటి ఏడాది నుంచే వేసుకోవాలి.

విదేశీ పీజీ మీద నా అనుమానం ఇంకా పెద్దది. ఇక్కడ ఒక్క పాత వీధిలోనైనా పనిచేయకుండా, పొలం తాకట్టు పెట్టి వెళ్లి, కంప్యూటర్లో మెరిసే బొమ్మలు గీయడం నేర్చుకుని వస్తే అప్పు తీరదు. ముందు రెండు మూడేళ్లు పనిచేయనివ్వండి. అర్బన్ డిజైన్ పీజీ మన దేశంలోనే ఢిల్లీ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో ఉంది, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలో ఉంది.

ఇక పోలిక. ఆర్కిటెక్టుకు తొలి జీతం తక్కువే, దాచను. సీఎస్‌ఈ సీట్లు బోలెడు, ఇష్టం లేకుండా చేరి బ్యాక్‌లాగులతో నా దగ్గరికి వచ్చే పిల్లలూ బోలెడు. తోడల్లుడి కొడుకు జీతంతో మీ అమ్మాయిని కొలవడం ఇకనైనా మానండి. చుట్టాలకు ఏం చెప్పాలన్నది మీ ఇబ్బంది, ఆ పిల్లది కాదు. ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ చదివి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైతే పాలకొల్లులోనే సొంత బోర్డు పెట్టుకోవచ్చు. ఊళ్ల ప్రణాళిక నేర్పే బీప్లానింగ్ డిగ్రీతో ఆ నమోదు రాదు, రెండూ ఒకటే అనుకుని చేర్చకండి.

ఒకరోజు వీలు చూసుకుని ఇద్దరూ విజయవాడ ఎస్‌పీఏకు వెళ్లండి. ఆఖరి ఏడాది పిల్లలతో మాట్లాడండి, వాళ్ల పని చూపించమనండి. నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. విదేశాలకు పంపే కన్సల్టెన్సీలు ఫోన్ చేస్తే మాత్రం అడ్వాన్సు పేరుతో ఒక్క రూపాయి కట్టొద్దు.