జనాభా లెక్కలోళ్ళు వస్తే నువ్వే కూర్చోరా

ఒరే చిన్నోడా,

మొన్న ఫోన్లో "జనాభా లెక్కలోళ్ళు వస్తే వాచ్‌మన్ చెప్పేస్తాడులే పెదనాన్నా, మేమిద్దరం ఆఫీసులో ఉంటాం కదా" అన్నావు, ఆ మాట నాకు మనసులోంచి పోవట్లేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నేను 1991, 2001, 2011 మూడుసార్లు ఈ హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎన్యుమరేటర్ డ్యూటీ చేశాను. పోయినసారి ఒకింటికి పోతే అరుగు మీద అవ్వ చింతపండు గింజలు తీస్తా మనవరాలికి తెలుగులో కథ చెప్తా ఉంది, లోపల్నించి కొడుకు వచ్చి అన్నీ గబగబా చెప్పేసి మాతృభాష దగ్గర "తమిళే రాసుకోండి సార్, ఉండేది తమిళనాడే కదా" అన్నాడు. ఎక్కడుంటావని కాదు నాయనా, చిన్నప్పుడు మీ అమ్మ నీతో ఏ భాషలో మాట్లాడిందని అడుగుతున్నా అన్నాను. అవ్వ వైపు చూసి "తెలుగే సార్" అన్నాడు.

ఆ ఒక్క గడితో ఏమౌతుంది అనుకోకు. ఒక జిల్లాలోనో తాలూకాలోనో వేరే భాషోళ్ళు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు వాళ్ళ భాషలో కూడా ఇవ్వాలని ఎప్పట్నించో నియమం ఉంది, ఆ 15 ఉన్నారో లేదో చూసేది ఈ లెక్కల్లోనే. తెలుగు టీచర్ కావాలని మేం ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు మొదటి ప్రశ్న "మీరు ఎంతమంది" అనే. 2001లో దేశంలో మూడో స్థానంలో ఉన్న తెలుగు 2011కి నాలుగోది అయింది, 8.11 కోట్ల మందిమి, మరాఠీ మనల్ని దాటింది. ఉన్నవాళ్ళం కూడా రాయించుకోకపోతే ఎట్లా?

భాషొక్కటే కాదురా. రేషన్ ఎంతమందికి ఇవ్వాలనేది ఇప్పటికీ 2011 జనాభా మీదే నడుస్తోంది, 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు, 2011 తర్వాత పుట్టిన పిల్లలు ఆ అంకెల్లో ఎక్కడా లేరు. మీ అపార్ట్‌మెంట్ పక్కన షెడ్లలో ఉండే మేస్త్రీలు, కూలోళ్ళు ఉన్నారే, వాళ్ళకి కూడా చెప్పు, చంటిపిల్లల్ని వదలకుండా అందర్నీ రాయించుకోమని. వాళ్ళనే ఎక్కువగా మర్చిపోతారు, నేను చూశాను.

ఈసారి మెయిన్ లెక్క 2027 ఫిబ్రవరిలో, కులం కూడా అడుగుతారు, ఆన్‌లైన్‌లో మనమే నింపుకునే వీలు కూడా పెడుతున్నారు. భయపడాల్సిందేం లేదు, 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం నీ వివరాలు బయటపెట్టకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరావు. బ్యాంక్ అకౌంట్ నంబర్ అడిగాడంటే మాత్రం వాడు లెక్కలోడు కాదు, తలుపేసెయ్.

ఇంకో మాట. భాష ఇంటికంతా కలిపి ఒకటే రాయరు, మనిషి మనిషికీ విడిగా అడుగుతారు. మన కోడలమ్మాయిది కన్నడ, కాబట్టి ఆమెకి కన్నడే. పాపకి కూడా వాళ్ళమ్మ మాట్లాడే కన్నడే రాయించు, మన ఆశ కొద్దీ తెలుగని చెప్పొద్దు, వాళ్ళ లెక్క కూడా నిజంగా ఉండాలి కదా. తెలిసిన వేరే భాషలు ఇంకో రెండు పోయినసారి అడిగారు, ఈసారి కూడా అడిగితే పాపకి మాటలొచ్చేసరికి తెలుగు అక్కడ రాయించుకోవచ్చు, దానికి నువ్వు రోజూ దాంతో మాట్లాడాలి.

ఫిబ్రవరిలో ఒక రోజు సెలవు పెట్టుకో. మీ నాయనమ్మ అప్పటికి నీ దగ్గరే ఉంటే వయసు సరిగ్గా చెప్పు, 84. ఆధార్‌లో ఉన్న 79 కాదు.

మీ పెదనాన్న