నవ్వితే నవ్వనివ్వండి, పాఠం మాత్రం ఆపకండి

టీచర్ గారూ, ఎనిమిదో తరగతిలో నెలసరి అనగానే పిల్లలు నవ్వారని, మర్నాడు ఒక తండ్రి వచ్చి గొడవ పడ్డారని రాశారు కదా. టెన్షన్ పడకండి, ఆ నవ్వు సిగ్గుతో వచ్చేదే.

ముందు చీటీల డబ్బా పెట్టండి. పేరు లేకుండా అందరూ రాయాలి, అడగడానికేమీ లేనివాళ్లు కూడా 'ప్రశ్న లేదు' అని రాసి వేయాలి, అప్పుడే ఎవరు అడిగారో తెలియదు. మా బడిలో మొదటి వారం వచ్చిన చీటీల్లో సగం మగపిల్లల భయాలే, నిద్రలో వీర్యం పోతే జబ్బా అని. అందుకే మగపిల్లల్ని బయటికి పంపకండి, నెలసరి గురించి వాళ్లూ వినాలి.

'వద్దు' అని చెప్పడం ఉపన్యాసంతో రాదండీ. స్నేహితుడు ఫోటో పంపమని బలవంతపెడితే ఏమంటావు అని ఇద్దరిద్దరితో మాట్లాడించండి, నోరు తిరగాలి.

తల్లిదండ్రుల్ని ముందే పిలిచి పాఠం చూపించండి. కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ఇది భాగమేనని, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకు తెలియడం వాళ్ల రక్షణకేనని చెప్పండి. ఆ తండ్రిని మాత్రం విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి, నలుగురిలో వద్దు.