ఫీజు మీది, లాయరు బ్యాంకుది

ప్రశ్న: అట్లాంటా దగ్గర కమింగ్‌లో ఉంటున్నాం. అద్దెకివ్వడానికి లోన్ మీద ఒక టౌన్‌హోమ్ కొంటున్నాం. క్లోజింగ్ (కొనుగోలు పూర్తిచేసే సంతకాలు) జరిపించే అటార్నీ ఫీజు మేమే కడుతున్నాం కాబట్టి ఆయన మా లాయరే అనుకోవచ్చా? క్లోజింగ్ అయ్యాక ఇల్లు ఎల్ఎల్‌సీ (మేం పెట్టుకునే సొంత కంపెనీ) పేరు మీదకు మార్చెయ్యమని ఫ్రెండ్స్ అంటున్నారు. మార్చొచ్చా?
– ఒక పాఠకుడు, జార్జియా

జవాబు: అనుకోకండి. నేనూ ఇక్కడ క్లోజింగులు చేసేవాణ్నే. సంతకాలయ్యాక మనవాళ్లు "మీరు తెలుగువారే కదా, అన్నీ చూసే ఉంటారు" అంటుంటారు. తెలుగువాణ్నే, కానీ లోన్ ఉందంటే ఆ గంటసేపు నేను బ్యాంకు మనిషిని. పూర్తిగా క్యాష్ పెట్టి కొంటేనే క్లోజింగ్ లాయరు మామూలుగా కొనేవాళ్ల తరఫున ఉంటారు.

ఇతరుల కోసం డీడ్ (ఆస్తి బదిలీ పత్రం) రాసి సంతకాలు చేయించే పని లాయరు కానివాళ్లు చెయ్యకూడదని మా రాష్ట్ర సుప్రీంకోర్టు 2003లో తేల్చేసింది. అందుకే కాలిఫోర్నియాలోలాగా డబ్బు, కాగితాలు మధ్యలో పట్టి ఉంచే ఎస్క్రో కంపెనీతో పని కానివ్వడం ఇక్కడ కుదరదు. టైటిల్ (యాజమాన్య హక్కు) రికార్డులు వెతికించడం, అమ్మేవాళ్ల పాత లోన్, బకాయిలు తీర్చడం, డీడ్ కౌంటీలో రికార్డు చేయించడం లాయరు పనే. ఆ ఇంటిని అద్దెకివ్వొచ్చా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి.

టైటిల్ కమిట్‌మెంట్ (ఏ షరతుల మీద టైటిల్ ఇన్సూరెన్స్ ఇస్తామో టైటిల్ కంపెనీ ముందుగా చెప్పే పత్రం) కాపీ ముందే అడిగి తీసుకోండి. అందులో షెడ్యూల్ బి రెండో భాగం తియ్యండి. వీటికి మా పూచీ లేదని టైటిల్ కంపెనీ తప్పుకున్న విషయాలన్నీ అక్కడే ఉంటాయి. వాటి మధ్య డీడ్ బుక్ నంబరు, పేజీ నంబరుతో కవనెంట్ల (కాలనీ ఇళ్లకు వర్తించే రాతపూర్వక షరతుల) ప్రస్తావన ఒక్క లైను కనిపిస్తుంది. ఆ కవనెంట్లు తెప్పించి చదవండి. కాలనీలో ఇన్ని ఇళ్లే అద్దెకివ్వాలన్న షరతు ఉంటే ఉండేది అందులోనే. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) నుంచి లాయరు తెప్పించే లెటర్ ప్రధానంగా బకాయిల గురించే. అద్దెకు ఖాళీ ఉందా, వెయిటింగ్ లిస్టా అని హెచ్‌ఓఏకి మీరే ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. ఇదంతా డ్యూ డిలిజెన్స్ (కొనేముందు అన్నీ పరిశీలించుకునే) గడువులోపే జరగాలి. తర్వాత వెనక్కి తగ్గితే ఎర్నెస్ట్ మనీ (ముందుగా కట్టిన బయానా) మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. చదివి అర్థం కాకపోతే ఆ పేజీల వరకు సొంత లాయరుకు చూపించండి.

ఇక ఎల్ఎల్‌సీ. ఈ సలహా ఇచ్చేవాళ్లలో లోన్ కాగితాలు చదివినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. పేరు మారితే బాకీ మొత్తం ఒకేసారి కట్టమనే హక్కు బ్యాంకుకు ఉంటుంది. దాన్నే డ్యూ ఆన్ సేల్ అంటారు. 1982 నాటి ఫెడరల్ చట్టం కొన్ని బదిలీలకు మినహాయింపు ఇచ్చింది కానీ, వాటిలో ఎల్ఎల్‌సీ లేదు. వాయిదాలు సరిగ్గా కడుతుంటే బ్యాంకులు సాధారణంగా పట్టించుకోవు, నిజమే. పట్టించుకుంటే మాత్రం చట్టం మీ పక్కన ఉండదు. మీరు విడిగా ఓనర్స్ టైటిల్ పాలసీ (యాజమాన్య హక్కులో లోపం బయటపడితే మిమ్మల్ని కాపాడే ఇన్సూరెన్స్) తీసుకుంటే, అది కొత్త పేరుకు వర్తిస్తుందో లేదో కూడా కనుక్కోవాలి. బ్యాంకు తీసుకునే పాలసీ బ్యాంకుకే.

ఎల్ఎల్‌సీయే కావాలంటే బ్యాంకు అనుమతి ముందే రాతలో తీసుకోండి, లేదా మొదటినుంచీ ఎల్ఎల్‌సీ పేరు మీదే ఇచ్చే లోన్ వెతకండి. వడ్డీ కాస్త ఎక్కువే పడుతుంది. అద్దెకున్నవాళ్లు కేసు వేస్తారేమోనన్న టెన్షన్ ఒక్కటే అయితే, ముందు అంబ్రెల్లా ఇన్సూరెన్స్‌కు (మామూలు పాలసీల పరిమితి దాటాక ఆదుకునే అదనపు పాలసీకి) ఎంతవుతుందో కనుక్కోండి.