తిరుపతి ప్రభుత్వాసుపత్రుల్లో కుటుంబ నియంత్రణకు ఏమేం దొరుకుతాయి? ఆపరేషన్ ఒక్కటేనా?

కాదండీ. నిరోధ్ (కండోమ్), మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోనే ఉచితం, ఆశా కార్యకర్తను అడిగినా ఇస్తారు. పిల్లల మధ్య ఎడం కావాలంటే అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ 3 నెలలకోసారి. ఛాయ అనే గర్భనిరోధక మాత్ర మొదటి 3 నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి. గర్భసంచిలో పెట్టే కాపర్-టీ రకాన్ని బట్టి 5 లేదా 10 ఏళ్లు పనిచేస్తుంది. కాన్పయిన 48 గంటల్లోపే వేయించుకోవచ్చు. మెటర్నిటీ ఆసుపత్రిలో ప్రసవమైతే ముందే అడిగి పెట్టుకోండి, మళ్లీ తిరిగే పని తప్పుతుంది.

ట్యూబెక్టమీకి (ఆడవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అన్ని పీహెచ్‌సీల్లో సర్జన్ ఉండరు, పెద్దాసుపత్రికి పంపుతారు. భర్త సంతకం తప్పనిసరి కాదు. మగవాళ్ల ఆపరేషన్ వేసెక్టమీ ఇంకా తేలిక, కోత కుట్లు లేకుండానే అయిపోతుంది. అయినా ముందుకొచ్చేవాళ్లు తక్కువే!